కొత్త: వాచ్యార్థ లక్ష్యార్థ విచారము

కొత్త: తెలుగున నిత్యవ్యవహారమునందున్న విశేషణము. దీని ప్రాచీనరూపము ‘క్రొత్త’. ఇటీవల పుట్టినది, ఇటీవల చేయబడినది, మునుపు లేనిది అనునవి దీని వాచ్యార్థములు. పరిచయము లేనిది, అనుభవము చాలనిది, వింతయైనది, ముందుదాని స్థానమున వచ్చినది, పూర్వస్థితి మాఱినది అనునవి ఆ మూలార్థమునుండి క్రమముగా శాఖలు వేసిన లక్ష్యార్థములు. ఉర్దూ ‘నయా’, ఇంగ్లీషు ‘న్యూ’, సంస్కృత ‘నవ’ శబ్దములు ఈ యర్థములను పెక్కింటిని తెలుగు ‘కొత్త’తో పంచుకొనుచున్నవి. హైదరాబాదు నగరమున మూసీనదిపై నున్న నయాపూల్ ఈ నాలుగు భాషలును కలిసికొను తావు. ‘కొత్త వంతెన’ యని యర్థమిచ్చు పేరు ధరించి ఒక శతాబ్దమునకు మించిన కాలము గడచినను ఆ పేరు విడువక నిలిచిన ఈ వంతెన, ఒక సామాన్య విశేషణము కాలక్రమమున నెన్ని యవస్థలు పొందగలదో తెలిసికొనుటకు మిక్కిలి యనువైన నిదర్శనము.

రూపము, బంధుత్వము

ద్రావిడభాషలలో తమిళ ‘పుదు’, కన్నడ ‘హొస’ శబ్దములు ఒకే మూలమునకు చెందిన తోబుట్టువులు కాగా, తెలుగు ‘క్రొత్త’ వానికంటె వేఱైన రూపము. ఉర్దూలోని ‘నయా’ సంస్కృత ‘నవ’ శబ్దమునుండి ప్రాకృతముల మీదుగా దిగివచ్చినది. పారసీకమున ‘నౌ’, లాటినున ‘నోవుస్’, ఇంగ్లీషున ‘న్యూ’ అనునవి యును ఆ కుటుంబమువే. పారసీకుల సంవత్సరాదియైన ‘నౌరోజ్’ అనగా కొత్తదినమనియే యర్థము. సంస్కృతమున ‘నవ’ శబ్దమునకు తొమ్మిది యను వేఱొక యర్థమును కలదు గనుక సమాసములందు సందర్భమునుబట్టి యర్థనిర్ణయము చేసికొనవలసియుండును. నవరాత్రములు తొమ్మిది రాత్రులు. నవవధువు కొత్త పెండ్లికూతురు. నవనీతము అప్పుడు చిలికి తీసిన వెన్న.

తెలుగు వ్యాకరణమున ఈ పదమునకు ప్రత్యేకమైన గౌరవము దక్కినది. పరవస్తు చిన్నయసూరి 1858లో ప్రకటించిన బాలవ్యాకరణమునందు ప్రాతాదిసంధియను పేర ప్రాత, లేత, క్రొత్త మొదలగు పదములు సమాసమున తొలియక్షరము మాత్రమే మిగిలి, తక్కిన వర్ణములను గోల్పోవు విధమును వివరించి, అందులోను ‘క్రొత్త’ శబ్దమునకు ప్రత్యేక విధిని జెప్పియున్నాడు. క్రొత్త నన ‘క్రొన్నన’ యగును. క్రొత్త చెమట ‘క్రొంజెమట’ యగును. క్రొత్త తావి ‘క్రొత్తావి’ యగును. క్రొత్త పసిడి ‘క్రొంబసిడి’ యగును. పాతయు కొత్తయు ఒకే సంధిసూత్రమున పక్కపక్కన నిలుచుట గమనింపదగినది. వ్యవహారభాషలో ఈ సంధులు సన్నగిల్లినను ‘కొంగొత్త’, ‘సరికొత్త’ యను తీవ్రతావాచకములును, ‘కొత్తదనము’, ‘కొత్తరికము’ అను భావనామములును, ‘పెండ్లియైన కొత్తలో’, ‘ఉద్యోగమునకు చేరిన కొత్తలో’ యను కాలవాచక ప్రయోగమును సజీవముగ నున్నవి. ఈ కడపటి ప్రయోగమున విశేషణము నామమై, విభక్తిని గైకొని, ఒక కాలఖండమునే సూచించుచున్నది.

వాచ్యార్థము

కొత్తకుండ, కొత్తబట్ట, కొత్తయిల్లు అనునపుడు కాలమున సమీపముననే పుట్టినదనియు, ఇంకను వాడుకకు రానిదనియు రెండంశములు కలిసి స్ఫురించును. ఈ రెండవ యంశము నుండియే శుచిత్వభావన పుట్టినది. పాలు పొంగించుటకు కొత్తకుండ కావలెను. ఆషాఢమాసమున హైదరాబాదు బోనాల పండుగకు బోనమును కొత్తకుండయందు వండుదురు. కొత్తబట్ట కట్టుకొనుటకు ముందు దాని యంచునకు పసుపు పెట్టుట తెలుగిండ్ల యాచారము. వాడుక వలని మైల సోకనిది దేవతకు అర్పింపదగినదను తలంపే ఇందుకు మూలము.

పంటలకు ఈ విశేషణము చేరినపుడు ఋతువు ముఖ్యమగును. ఉగాది పచ్చడికి కొత్తచింతపండు, కొత్తబెల్లము కావలెను; సంక్రాంతి యరిసెలకు కొత్తబియ్యము కావలెను. ఫాల్గునమాసపు కడపటి దినమైన యమావాస్యకు ఉత్తరాంధ్రమున ‘కొత్త అమావాస్య’ యని పేరు. అనకాపల్లి నూకాంబిక యాలయమున ఆనాడు గొప్ప జాతర జరుగును. గిరిజనులలో కోయలు మొదలైనవారు కొత్తగా చేతికివచ్చిన పంటను దేవతకు సమర్పింపక ముందు భుజింపరు. ఆ సమర్పణోత్సవమునకు ‘కొత్తల పండుగ’ యని పేరు. ఇచ్చట ‘కొత్త’ విశేషణత్వమును విడిచి పంటకే పేరైనది.

సాపేక్షత: రెండు వంతెనల కథ

ఎఱుపు మొదలగు విశేషణములవలె ‘కొత్త’ వస్తువునందే యున్న గుణమును జెప్పునది కాదు; ఆ వస్తువునకు కాలముతోగాని, మఱియొక వస్తువుతోగాని, చూచువానితోగాని గల సంబంధమును జెప్పునది. ఈ సత్యమును మూసీతీరము విశదముగా చూపుచున్నది.

గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్ షా కాలమున 1578లో మూసీపై మొదటి వంతెన నిర్మింపబడినది. నాటికి హైదరాబాదు నగరమింకను పుట్టలేదు. అది 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా చేత స్థాపితమైనది. కట్టిననాడు ఆ వంతెనను ‘పాతది’ యని పిలుచుటకు వేఱొక వంతెన లేదు. 1831లో చాదర్ ఘాట్ వద్ద కర్నల్ ఆలిఫెంట్ మఱియొక వంతెనను నిర్మింపించెను. అటుపిమ్మట 1857 నుండి 1869 వఱకు పాలించిన అఫ్జల్ ఉద్దౌలా కాలమున అఫ్జల్ గంజ్ వద్ద వేఱొకటి వెలసినది. అఫ్జల్ గంజ్ వంతెనయే ప్రజల నోట నయాపూల్ అయినది. ఇట్లు ముందున్నదానిని పురానాపూల్ అని పిలుచుటకు తదుపరి వచ్చినవే కారణమైనవి. కొత్తది పుట్టిననాడే దాని ముందున్నది పాతదగును. ‘పాత’ యను విశేషణమును కొత్తవస్తువే ప్రసాదించును.

1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీకి వచ్చిన మహాప్రళయమున వేలకొలది జనులు ప్రాణములు గోల్పోయిరి. నాడు అఫ్జల్ గంజ్ వంతెనయు, చాదర్ ఘాట్ వంతెనయు, ముసల్లం జంగ్ వంతెన యను మఱియొకటియు కొట్టుకొనిపోగా, పురానాపూల్ ఒక్కటియే నిలిచి రెండు గట్టులను కలిపినది. నేటి ఉస్మానియా ఆసుపత్రి యావరణలో నున్న చింతచెట్టుపై కెక్కి నూటయేబదిమందికి పైగా ప్రాణములు దక్కించుకొనిరి. పిమ్మట అఫ్జల్ గంజ్ వంతెన పునర్నిర్మితమైనది. ఇప్పు డున్నది ‘కొత్త’ యను పేరును రెండుమార్లు సంపాదించుకొన్న వంతెన యనదగును: మొదటిమారు మునుపు లేనిదగుటచేత, రెండవమారు పోయినదాని స్థానమున వచ్చినదగుటచేత. ఈ రెండును వేర్వేఱు అర్థములు. లేనిచోట పుట్టినది నూతనము. ఉన్నది నశింపగా దాని పనిని చేపట్టినది ప్రత్యామ్నాయము. తెలుగున ‘కొత్త చెరువు’ అన్నపుడు మొదటి యర్థమును, ‘కొత్త తలుపు పెట్టించినారు’ అన్నపుడు రెండవ యర్థమును తోచును.

ఈ సందర్భమున పారిస్ నగరమున నొక వంతెనను స్మరింపవలసియున్నది. అచ్చట సేన్ నదిపై ఫ్రెంచి భాషలో ‘కొత్త వంతెన’ యని యర్థమిచ్చు పాఁ నెఫ్ కు 1578లో పునాది వేసిరి. 1607లో అది పూర్తియైనది. నేడు ఆ నదిపై పారిస్ లో నిలిచియున్న వంతెనలలో అదియే మిక్కిలి ప్రాచీనమైనది. మూసీపై వెలసిన 1578 నాటి కట్టడమును లోకము ‘పాత’ యనుచున్నది. సేన్ పై అదే యేట మొదలైన కట్టడమును లోకము నేటికిని ‘కొత్త’ యనుచున్నది. ఇంచుమించు ఒకే కాలమునకు చెందిన రెండు వంతెనలకు పరస్పర విరుద్ధములైన విశేషణములు దక్కుట, ఈ పదము వయస్సును గణించునది కాదనుటకు తిరుగులేని ప్రమాణము.

యోగము, రూఢి

ప్రాచీన శాస్త్రకారులు పదములను యౌగికములు, రూఢములు, యోగరూఢములు అని విభజించిరి. అవయవముల యర్థమునుబట్టి తెలియునది యౌగికము; అవయవార్థముతో పనిలేక ప్రసిద్ధివలననే తెలియునది రూఢము. నయాపూల్ పేరు పుట్టిననాడు యౌగికము. వినువాడు ‘కొత్తదియగు వంతెన’ యని గ్రహించెడివాడు. నేడు రూఢమైనది, వినువానికి కొత్తదనమును తోచదు, వంతెనయును ముందుగా తోచదు, ఒక కూడలియు దాని చుట్టుపట్ల బజారును తోచును.

ఇంతటితో నిలువలేదు. ‘మాకు నయాపూల్ లో దుకాణమున్నది’ అని వర్తకుడనును. ‘నయాపూల్ లో దిగినాను’ అని బస్సు ప్రయాణికుడనును. వంతెనపై దుకాణమును లేదు, ప్రయాణికుడు నడివంతెనపై దిగుటయు లేదు. పదము వంతెననుండి దాని సమీపప్రదేశమునకు జారినది. అలంకారశాస్త్రమున లక్షణకు చిరకాలముగా చెప్పబడుచున్న యుదాహరణము ‘గంగయందు గొల్లపల్లె’. ప్రవాహముపై పల్లె యుండుట యసంభవము గనుక ‘గంగ’ యను పదము తీరమును లక్షించును. గంగ తీరమును లక్షించినట్లే నయాపూల్ పరిసరమును లక్షించుచున్నది. వాచ్యార్థమునకు బాధ కలుగుట, దానితో సంబంధము గల వేఱొక యర్థము స్ఫురించుట, ప్రసిద్ధియో ప్రయోజనమో తోడగుట అను లక్షణకు కావలసిన మూడంగములును ఇచ్చట సమగ్రముగ నున్నవి.

విశేషణము పేరులో గడ్డకట్టిన పిమ్మట దానిని వర్తమానస్థితితో సరిచూచుట తగదు. నయాపూల్ దాటి దక్షిణమునకు నడచినవాడు మదీనా కూడలి, పత్తర్ గట్టి మీదుగా చార్మినారు చేరును, అది పాతబస్తీ. 1591లో గోలకొండ జనసమ్మర్దమునకు ప్రత్యామ్నాయముగా వెలసిన ఆ కొత్తనగరమే నేడు పాతబస్తీ యైనది. దానిలోనికి గొనిపోవు పాతవంతెన నయాపూల్ గానే మిగిలినది. ఆ గట్టున 1920లో ప్రారంభమైన హైకోర్టు భవనమును ఇట్లే చెప్పవచ్చును. నిజాము రాజ్యపు న్యాయస్థానముగా మొదలై, 1956లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టుగా, 2019 జనవరి 1న తెలంగాణ హైకోర్టుగా నది మాఱినది. ప్రతిమారును సంస్థ కొత్తది, కట్టడము పాతది. చట్టదృష్టిలో కొత్తదనము రాళ్ళయందు గాక అధికారమునందు నెలకొనియుండును.

లక్ష్యార్థములు

కాలమునుండి పరిచయమునకు ఈ పదము జారుట యన్నింటికంటె వ్యాపకమైన మార్పు. ‘ఈ ఊరికి కొత్త’ యన్నపుడు మనిషి ఇటీవల పుట్టినవాడు కాడు, ఇటీవల వచ్చినవాడు. ‘ఎవరో కొత్తముఖము’ అన్నపుడు చూచువానికి తెలియనివాడు. వంతెన వయస్సు ఎంతయైనను, మొదటిసారి దానిని దాటువానికి అది కొత్తయే. అచ్చట కొత్తదనము వస్తువును విడిచి పూర్తిగా ద్రష్టను ఆశ్రయించినది. ‘కొత్తయేమి, లోపలికి రండి’ యని గృహస్థు పలుకునపుడు ఆ పదము మొగమాటమునకు పర్యాయపదమై, దానిని తొలగింపుమను ఆదరవాక్యమగును.

పరిచయము చాలకపోవుట నుండి అనుభవము చాలకపోవుట పుట్టినది. ‘కొత్త బిచ్చగాడు పొద్దెరుగడు’ అను సామెతలో కొత్తవాడు అత్యుత్సాహము గలవాడు, వేళ తెలియనివాడు. దీనికి ప్రతిగా అనుభవశాలిని ‘పాతకాపు’ అందురు. ‘కొత్తకోడలు’, ‘కొత్తఅల్లుడు’ అను మాటలలో బిడియమును, మర్యాదయు, పరీక్షయు కలసియున్నవి. కోడలి ‘కొత్తరికము’ తీరినదనగా ఆమె యింటి మనిషి యైనదని భావము.

మూడవది వింత. ‘ఇదేమి కొత్తగా మాట్లాడుచున్నావు’ అనువాక్యమున కొత్తదనము మెచ్చుకోలు కాదు, ఆక్షేపణ. ‘కొత్తొక వింత, పాతొక రోత’ యను సామెత జనుల చాపల్యమును నిందించునదే గాని కొత్తదానిని కొనియాడునది కాదు. నాలుగవది పరివర్తనము: రోగము తీరి లేచినవానిని, వ్యసనము విడిచినవానిని ‘కొత్తమనిషి యైనాడు’ అందురు. శరీరము పాతది, పేరు పాతది. స్థితి మాత్రమే మాఱినది. అయిదవది తరముల రాక. తొలకరి వానలకు ఏటికి వచ్చు ఎఱ్ఱని ప్రవాహమునకు కొత్తనీరని పేరు. కొత్తనీరు వచ్చి పాతనీటిని కొట్టుకొనిపోయినట్లు అను పలుకుబడి వృత్తులకును, కళలకును, రాజకీయములకును నన్వయించును.

ఇంకొక సూక్ష్మమైన లక్ష్యార్థము ‘అభినవ’ శబ్దమున కలదు. తుమ్మల సీతారామమూర్తికి ‘అభినవ తిక్కన’ యనియు, వానమామలై వరదాచార్యులకు ‘అభినవ పోతన’ యనియు బిరుదములు. ఇచ్చట కొత్తవాడనుట పాతవానితో సమానుడనుట. నూతనత్వమును ప్రాచీనతయే ప్రమాణీకరించుచున్నది. న్యాయశాస్త్రమున గంగేశోపాధ్యాయుని నుండి వృద్ధిపొందిన సంప్రదాయము ఆఱు శతాబ్దములు గడచినను ‘నవ్యన్యాయము’ గానే వ్యవహరింపబడుట నయాపూల్ వంటిదే.

స్థలనామములు

కొత్తపేట, కొత్తగూడెము, కొత్తకోట, కొత్తవలస, కొత్తచెరువు, కొత్తపట్నము, కొత్తూరు అను గ్రామనామములు రెండు తెలుగురాష్ట్రములను నిండియున్నవి. వానిలో ప్రతిదియు ఒక వలసనో, ఒక చెరువు తవ్వకమునో, ఒక సంత పుట్టుకనో జ్ఞప్తియందుంచుకొనిన శాసనమనదగును. పొరుగురాష్ట్రములలో ఈ పేర్లే భాష మాఱి కనబడును. తెలుగువారు మిక్కుటముగ నున్న తమిళనాటి హోసూరు మన కొత్తూరే. కర్ణాటకమున హంపీ సమీపమునందలి హొసపేట మన కొత్తపేటయే. తమిళుల పుదుక్కోట మన కొత్తకోటయే. తెలుగు ప్రజలు నివసించు యానాము ఏ కేంద్రపాలిత ప్రాంతమున నంతర్భాగమో ఆ పుదుచ్చేరి పేరునకు కొత్తవాడ యని యర్థము. దూరదేశములందు నేపుల్స్ నగరము గ్రీకుల ‘కొత్తనగరము’. ఫినీషియనుల కార్తేజి యును ‘కొత్తనగరమే’. వలసపోయిన మానవుడు చేరినచోట మొదట పలుకు మాట ‘కొత్త’ యని ఈ పేర్లన్నియు సాక్ష్యమిచ్చుచున్నవి. కొత్త యను ఇంటిపేరును కలదు; తత్త్వవేత్త కొత్త సచ్చిదానందమూర్తి ఆ వంశనామముచే ప్రసిద్ధుడు.

నాణెములు, గ్రంథములు

విశేషణమును చట్టము తొలగించిన సందర్భమును, ప్రజలు నిలిపికొన్న సందర్భమును పోల్చి చూడదగినవి. 1957 ఏప్రిల్ 1న భారతదేశమున దశాంశనాణెములు వచ్చినపుడు రూపాయిలో నూరవవంతునకు ‘నయాపైసా’ యని పేరిడిరి. ఏలనన రూపాయికి అఱువదినాలుగగు పాతపైసలు అప్పటికి జనుల చేతులలో నుండెను. ఆ భేదము చెప్పవలసిన యవసరము తీరగా 1964 జూన్ 1 నుండి ‘నయా’ యను పదమును తొలగించిరి. హైదరాబాదువారికి ఇట్టి యనుభవము వేఱొకటియు కలదు. నిజాము రాజ్యపు నాణెమునకు హాలీ సిక్కా యని పేరు. హాలీ యనగా ప్రస్తుతము చెల్లునది. ఆ నాణెము చెల్లుబాటు 1959లో ముగిసినది. ‘ప్రస్తుతము’ అను విశేషణమే చరిత్రకు చెందినదైనది. నాణెమునకు ‘నయా’ ఏడేండ్లు నిలిచినది. వంతెనకు నేటికిని నిలిచియున్నది. అధికారము పెట్టిన విశేషణమునకు ప్రయోజనమే ఆయువు. ప్రజలు పెట్టినదానికి వాడుకయే ఆయువు.

సాహిత్యమున ఈ భావము ఒక ప్రక్రియకే పేరైనది. నరహరి గోపాలకృష్ణమసెట్టి 1872లో వెలువరించిన శ్రీరంగరాజ చరిత్రమును ‘నవీన ప్రబంధము’ అన్నాడు. కందుకూరి వీరేశలింగము రాజశేఖర చరిత్రమును వచనప్రబంధమన్నాడు. పిమ్మట కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రి ఈ ప్రక్రియకు ‘నవల’ యను పేరు ప్రయోగించెను. ఇంగ్లీషు ‘నావెల్’ శబ్దమునందును లాటిను ‘నోవుస్’ మూలమే యుండుటచేత, తెలుగు ‘నవల’ యందలి ‘నవ’ ధ్వనిలోను, అర్థములోను, వంశములోను దానితో కలిసివచ్చినది. నవల పుట్టి నూటయేబది యేండ్లు గడచినను ఆ పేరును ఎవరును మార్చుకొనలేదు.

కొత్తదనము, విలువ

ఈ విశేషణము తనంతట ప్రశంసయును కాదు, నిందయును కాదు. కొత్తబియ్యము అరిసెలకు శ్రేష్ఠము, అన్నమునకు కాదు; ఉడికినపుడు మెత్తనై ముద్దగట్టును గనుక నిత్యభోజనమునకు పాతబియ్యమునే జనులు వెదకి కొందురు. కొత్తబెల్లము పండుగకు ముఖ్యము, వైద్యమున పాతబెల్లమునకు గౌరవము. ‘పాతచింతకాయ పచ్చడి’ యను మాట విసిగించు విషయమునకు నిందార్థమున వాడబడుచున్నను, ఆ పచ్చడియే పథ్యమని పెద్దలు జ్వరపడి లేచినవారికి పెట్టుదురు. కావున పదార్థమును, ప్రయోజనమును తెలియక కొత్తయను మాటకు ముగ్ధులగుటయు, దానిని శంకించుటయు రెండును అవివేకములే. 1908 నాటి వఱద తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల ననుసరించి కట్టిన ఉస్మాన్ సాగరము 1920లోను, హిమాయత్ సాగరము 1927లోను పూర్తియై నగరమును రక్షించినవి. ఆనాటి కొత్తదనము అవసరమునుండి పుట్టినది గనుక దానికి విలువ కలిగినది. కొట్టుకొనిపోని పాతవంతెన ఆ దినమున చూపిన విలువయు అంతే గొప్పది.

ఈ విచారమువలన తేలు నిర్ణయ మిది. ‘కొత్త’ యను విశేషణము ఒంటరిగా అర్థమునీయదు. దేనికంటె కొత్త, ఎవరికి కొత్త, ఎప్పటినుండి కొత్త అను మూడు ప్రశ్నలకు సమాధానము దొరకినపుడే దాని వాచ్యార్థమును లక్ష్యార్థమును వేర్పడును. నిఘంటుకర్తలు ఈ పదమునకు పర్యాయపదములను వరుసగా పేర్చుటతో తృప్తిపడక, ఆ మూడు సంబంధములను ఉదాహరణములతో విడదీసి చూపవలెను. గ్రామముల పేర్లలోను, వీధుల పేర్లలోను, వంతెనల పేర్లలోను నిలిచియున్న ‘కొత్త’, ‘నయా’, ‘న్యూ’ పదములను వాని కాలనిర్దేశముతో సహా సేకరించి భద్రపరచుట తెలుగు విద్వాంసులు చేపట్టవలసిన కార్యము. పేరు పుట్టిన యేడు తెలియనినాడు అందలి విశేషణమునకు అర్థము తెలియదు.